అయిదు నిమిషాల కోసం అయిదు వేలు

1921 మార్చి చివరి రోజులు. కాకినాడలో ఏ నలుగురు కలిసినా ఒకటే మాట, గాంధీ వస్తున్నాడని. బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం ముగియగానే ఏప్రిల్ 2న ఆయన కాకినాడలో దిగుతారు. టౌన్ హాల్లో సభ. తిలక్ స్వరాజ్య నిధికి చందాలు పోగుచేయాలి. దేశమంతటా కోటి రూపాయలు పోగుచేయాలని బెజవాడలోనే తీర్మానం చేయబోతున్నారు. ఏర్పాట్లు చూసే పెద్దమనుషులకు క్షణం తీరిక లేదు.

వాళ్ల దగ్గరికి పన్నెండేళ్లు కూడా నిండని పిల్ల ఒకతి వచ్చి నిలబడింది. పేరు దుర్గ. రామారావు, కృష్ణవేణమ్మల కూతురు. హిందీ నేర్చుకుని, తన ఇంట్లోనే తోటి ఆడపిల్లలకూ ఆడవాళ్లకూ నేర్పుతోంది. ఆ పిల్ల కోరిక ఒకటే. గాంధీగారు ఆడవాళ్లతో విడిగా ఒక సభలో మాట్లాడాలి.

టౌన్ హాలుకు ఆడవాళ్లు రాకూడదని ఎవరూ అనలేదు. కానీ దుర్గ అడుగుతున్నది వచ్చే వీలున్న ఆడవాళ్ల కోసం కాదు. ఊళ్లో దేవదాసీ కుటుంబాల స్త్రీలున్నారు. వాళ్లు వచ్చి కూర్చుంటే సంసార స్త్రీలు లేచిపోతారు. ముస్లిం ఇళ్లలో ఘోషా పాటించే స్త్రీలున్నారు. మగవాళ్లు నిండిన హాల్లోకి వాళ్లు అడుగుపెట్టరు. ఈ ఇద్దరికీ గాంధీ మాట అవసరమని, ఎవరూ వాళ్లను పిలవరని, తానే పిలవాలని ఆ పిల్ల పట్టు.

వేళాకోళానికి అన్నారో, వదిలించుకోవడానికి అన్నారో, నిర్వాహకులు ఒక షరతు పెట్టారు. అయిదు వేల రూపాయల నిధి సమకూరిస్తే అయిదు నిమిషాలు ఇప్పిస్తామన్నారు. పల్లెటూరి బడిపంతులు ఏళ్ల తరబడి పనిచేసినా కూడబెట్టలేని సొమ్ము అది. సరేనని దుర్గ వెళ్లిపోయింది.

ఆ పిల్ల నేరుగా దేవదాసీల ఇళ్లకే వెళ్లింది. ఈ కథలో నాకు అన్నిటికంటే పెద్దదిగా కనిపించేది ఈ అడుగే.

అప్పటికి నలభై ఏళ్లుగా తెలుగునాట సంఘ సంస్కరణ నడుస్తోంది. కందుకూరి వీరేశలింగంగారు భోగం మేళాలకు వ్యతిరేకంగా కలం పట్టారు, ఉపన్యాసాలిచ్చారు. పెళ్లిళ్లలో మేళం పెట్టించడం తప్పని చదువుకున్న వాళ్లు ఒప్పుకోసాగారు. అంతవరకు మంచిదే. అయితే మేళం మానిపించిన వాళ్లలో ఎక్కువమంది ఆ స్త్రీలను దూరం పెట్టడం దగ్గరే ఆగిపోయారు. పొట్టకూటి ఆధారం పోయిన మనిషి ఆ తర్వాత ఏం తినాలి, ఆమె కూతురు ఏ బడికి పోవాలి అని అడిగిన వాళ్లు తక్కువ. ఆ గడప తొక్కితే మర్యాద పోతుందని మధ్యతరగతి ఇల్లు భయపడింది. ఆ భయం పెద్దవాళ్లకు ఉంది. దుర్గకు లేదు.

ఆదోని, ఎమ్మిగనూరు, గోనెగండ్ల వైపు పుట్టిన మనకు ఈ మాట కొత్త కాదు. మగబిడ్డ లేని ఇంట్లో ఆడపిల్లను దేవుడి పేర విడిచి బసివిని చేసే ఆచారం పాత బళ్లారి జిల్లాలో పాతుకుపోయి ఉండేది. ఆదోని తాలూకా 1953 అక్టోబరు దాకా ఆ జిల్లాలోనిదే. బసివికి కొడుకు హక్కు ఇచ్చారు. తల్లిదండ్రుల ఆస్తి ఆమెది, వాళ్లకు తలకొరివి పెట్టేదీ ఆమె. పెళ్లి మాత్రం లేదు. బళ్లారి జిల్లాలో పోలీసు అధికారిగా పనిచేసిన ఫాసెట్ అనే తెల్లదొర 1890ల నాటికే దీని మీద పెద్ద వ్యాసం రాశాడు. కొడుకు లేని కొరత తీర్చుకోవడానికి కూతురి బతుకును దేవుడి ముందు పెట్టిన ఊళ్లు మనవి. ఆ ఆచారం పేరెత్తితే ఇప్పటికీ మన ఇళ్లలో మాట మార్చేస్తారు. కాకినాడలో ఆ పిల్ల ఎవరి తలుపు తట్టిందో మన వైపు వాళ్లకు ఇంకొకరు వివరించి చెప్పనక్కరలేదు.

దేవదాసీ స్త్రీలు సొమ్ము పోగుచేశారు. అయిదు వేలూ వారం తిరిగేసరికి సిద్ధం. ఇచ్చిన చేతులను ఒక్కసారి తలుచుకోవాలి. వాళ్లకు ఆ డబ్బు ఎంత కష్టపడితే వచ్చిందో, దాన్ని పెట్టి కొనుక్కుంటున్నది ఏమిటో చూడండి. ఒక మనిషి తమ ముందుకు వచ్చి, తమను తోటి మనుషులుగా ఎంచి మాట్లాడే అయిదు నిమిషాలు.

ఇక చోటు కావాలి. రైల్వే స్టేషనుకూ టౌన్ హాలుకూ మధ్య ఒక బడి ఆవరణ ఉంది. అటే పోయే గాంధీగారి కారు అక్కడ ఆగడం తేలిక. బడి హెడ్మాస్టరును దుర్గ అడిగింది, ఆయన ఒప్పుకున్నారు.

ఏప్రిల్ 2. ఆవరణ నిండిపోయింది. వెయ్యి మందికి పైగా ఆడవాళ్లు. గజ్జె కట్టే ఇంటి వాళ్లు, బురఖాల వాళ్లు, వాళ్లను చూసి ధైర్యం తెచ్చుకుని వచ్చిన మిగతా ఇళ్ల వాళ్లు. కారు ఆగింది. గాంధీగారు దిగారు. లెక్క ప్రకారం అయిదు నిమిషాలు.

ఆయన హిందుస్తానీలో మొదలుపెట్టారు, దుర్గ తెలుగులో చెప్పసాగింది. దేవదాసీ ఆచారం పోవాలన్నారు, ఘోషా పోవాలన్నారు, ఆడవాళ్లు తమ బతుకు తామే తీర్చుకోవాలన్నారు. అయిదు నిమిషాలు దాటాయి, పది దాటాయి. టౌన్ హాల్లో జనం కాచుకుని ఉన్నారు. ఇక్కడ ఆడవాళ్లు ఒక్కొక్కరే లేచి గాజులు తీస్తున్నారు, మెడలోవి తీస్తున్నారు, ఆయన ముందు పెడుతున్నారు. అరగంట పైనే గడిచింది. డబ్బూ నగలూ కలిపి ఆ రోజు 25,000 రూపాయల దాకా వచ్చిందని ఈ దుర్గే పెద్దయ్యాక, దుర్గాబాయి దేశ్‌ముఖ్‌గా, తన జ్ఞాపకాల్లో రాసుకున్నారు.

సభ ముగిశాక గాంధీగారు ఆ పిల్లను తన కారులోనే ఎక్కించుకున్నారు. టౌన్ హాల్లో ఆయన ఉపన్యాసాన్ని తెలుగు చేయవలసింది కొండా వెంకటప్పయ్యగారు. ఆంధ్రోద్యమంలో అంతటి పెద్దాయన. ఆయన లేచేసరికి గాంధీగారు ఆపి, దుర్గ చెబుతుందన్నారు. ఆంధ్రదేశానికి ఆయన వచ్చినప్పుడు ఆ పని చాలాసార్లు ఆమెదే అయింది. ఆ రోజు ఇంటికి పోయాక తన విదేశీ బట్టలను మంటలో వేసింది, తన బంగారు గాజులూ ఇచ్చేసింది.

ఆ సభతో దేవదాసీల బతుకు మారిపోలేదు. వాళ్ల నగలు ఉద్యమానికి పోయాయి, వాళ్లు పాత వీధుల్లోకే తిరిగి వెళ్లారు. మద్రాసు శాసనమండలిలో ముత్తులక్ష్మీరెడ్డిగారు ఏళ్లతరబడి పోరాడాక 1947లో గానీ మద్రాసు రాష్ట్రంలో దేవదాసీ నిషేధ చట్టం రాలేదు. చట్టం వచ్చినా మన వైపు ఆచారం చావలేదు. 1988లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఇంకో చట్టం చేయవలసి వచ్చింది. 1947 చట్టానికి ముందే ఆ ఇళ్లలోంచే యామినీ పూర్ణతిలకం వంటి స్త్రీలు లేచి, మద్రాసులో శరణాలయం పెట్టి, తమ వాళ్ల కోసం తామే పనిచేశారు. వాళ్ల చరిత్రకు రావలసినంత చోటు మన పుస్తకాల్లో ఇంకా రాలేదు.

దుర్గ శూన్యంలోంచి పుట్టలేదు. ఆమె పుట్టింది 1909లో, రాజమండ్రిలో. ఆ ఊళ్లోనే 1881 డిసెంబరు 11న వీరేశలింగంగారు మొదటి వితంతు వివాహం చేయించారు. ఊరు వెలివేసింది. వంటవాళ్లు పారిపోయారు, నీళ్లు మోసేవాళ్లు రామన్నారు. పెళ్లికి వచ్చిన వాళ్లకు అన్నం వండి వార్చింది వీరేశలింగంగారి భార్య రాజ్యలక్ష్మమ్మ. గోదావరికి పోయి బిందెతో నీళ్లు తెచ్చింది ఆమె. సంస్కరణ చరిత్రలో ఉపన్యాసాలు అచ్చయ్యాయి. బిందెలు మోసిన లెక్క ఎవరూ రాయలేదు.

తర్వాత ఇరవై ఏళ్లకు బండారు అచ్చమాంబ వచ్చారు. పదేళ్ల వయసులో పెళ్లయింది. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు పక్కన కూర్చుని చదువు నేర్చుకున్నారు. పిల్లలు పుట్టి పోయారు. ఆ దుఃఖంలో ఉండే ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ రాశారు. 1902లో మచిలీపట్నంలో ఓరుగంటి సుందరీ రత్నమాంబతో కలిసి బృందావన స్త్రీ సమాజం పెట్టారు. ఊరూరా తిరిగి ఆడవాళ్లను కూర్చోబెట్టి సమాజాలు పెట్టించారు. 1905లో, ముప్పై ఏళ్లకే పోయారు. మధ్యాహ్నం వంటపని అయ్యాక, మగవాళ్లు కచేరీల నుంచి తిరిగి రాక ముందు, ఎవరో ఒకరి వసారాలో చాపలు పరుచుకుని జరిగేవి ఆ సమాజాలు. ఒకరు చదివితే పదిమంది వినడం. కుట్లు, లెక్కలు, పిల్లల జబ్బులు, పత్రికలకు ఉత్తరాలు. మగవాళ్ల సభల పక్కన అవి చిన్నవిగా కనిపిస్తాయి. ఇంటి నుంచి బయటికి ఒక్కర్తీ నడవని కాలంలో పక్కవీధి వసారా దాకా నడవడం ఎంత పెద్ద పనో ఆ ఆడవాళ్లకే తెలుసు. ఆ సమాజాల లోపం కూడా చెప్పుకోవాలి. చాప మీద కూర్చున్న వాళ్లు ఎక్కువగా ఒకే వర్గం, ఒకటి రెండు కులాలు. వాకిలి ఊడ్చే మనిషికి ఆ చాప మీద చోటు లేదు.

కాకినాడ పిల్ల చేసిన పని ఆ చాపను వసారాలోంచి బయటికి లాగి బడి ఆవరణలో పరచడం.

ఆమె సొంత కథ ఇప్పుడు చెప్పాలి. గాంధీ సభనాటికే దుర్గకు పెళ్లయి మూడేళ్లయింది. ఎనిమిదేళ్లప్పుడు సుబ్బారావు అనే అబ్బాయితో చేశారు. కాపురానికి పోవలసిన వయసు దగ్గర పడ్డాక ఆమె తన మనసు విప్పి అతడికే చెప్పింది. ఈ కాపురం తనకు వద్దని, తన దారి వేరని, అతడు ఇంకో పెళ్లి చేసుకోవాలని. అప్పటికి పదిహేనేళ్లు. 1929 నాటి శారదా చట్టం ఇంకా రాలేదు. నాన్న, తమ్ముడు ఆమె పక్షాన నిలబడ్డారు. చేసిన పెళ్లి తప్పని ఒప్పుకుని కూతురి వెనక నిలబడే తండ్రి ఆ రోజుల్లో ఎంత అరుదో ఈ రోజుల్లోనూ అంతే.

1923 డిసెంబరులో కాకినాడలోనే కాంగ్రెస్ మహాసభ జరిగింది. ప్రదర్శనశాల గుమ్మం దగ్గర వలంటీరుగా నిలబడ్డ ఈ పిల్ల టిక్కెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూనే ఆపేసింది. టిక్కెట్టు తెచ్చాకే లోపలికి వదిలింది. ఈ ముచ్చట అందరికీ తెలిసిందే. నేను ఇంతకంటే ఎక్కువ సేపు నిలబడాలనుకునే చోటు వేలూరు జైలు.

1930లో మద్రాసులో ఉప్పు సత్యాగ్రహంలో పట్టుబడి ఆమె జైలుకు పోయారు. ఆ తర్వాత ఇంకో రెండుసార్లు. మదురై జైల్లో ఒంటరి కొట్టులో ఉంచారు. వేలూరు జైల్లో చుట్టూ ఉన్నది రాజకీయ ఖైదీలు మాత్రమే కాదు. హత్యానేరాల మీద శిక్ష పడ్డ పల్లెటూరి ఆడవాళ్లున్నారు. తమ మీద మోపిన నేరం ఏమిటో, కోర్టులో ఎవరు ఏం అడిగారో, తాము దేని మీద వేలిముద్ర వేశారో చెప్పలేని వాళ్లు. వాళ్ల పక్కన కూర్చుని కథలు విన్న దుర్గాబాయికి తన చదువు ఎంత చిన్నదో అర్థమైంది. ఉపన్యాసం తెలుగు చేయగలరు గానీ కోర్టు కాగితం చదివి ఈ మనిషిని విడిపించలేరు. జైలు నుంచి వచ్చాక ఉద్యమం పక్కన పెట్టి పుస్తకాలు పట్టుకున్నారు. వయసు ఇరవై దాటింది. బడి చదువు ఎప్పుడో చిన్నప్పుడే ఆగిపోయింది.

బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్ పరీక్షకు ప్రైవేటుగా కూర్చోవచ్చు. కూర్చున్నారు, గట్టెక్కారు. ఇంటర్ అయింది. తర్వాత వాల్తేరు, ఆంధ్ర విశ్వవిద్యాలయం. అప్పటి ఉపకులపతి కట్టమంచి రామలింగారెడ్డిగారు. ఆడపిల్లలకు హాస్టలు లేదు కాబట్టి సీటు ఇవ్వడం కుదరదని అక్కడ చెప్పారు.

హాస్టలు లేకపోవడమే అడ్డమైతే హాస్టలే పెడదామనుకున్నారు దుర్గాబాయి. వాల్తేరులో చదవాలని ఉండీ వసతి లేక ఆగిపోయిన ఆడపిల్లలు తనకు ఉత్తరం రాయమని పత్రికలో ప్రకటన ఇచ్చారు. పదిమంది దాకా రాశారు. ఎక్కడెక్కడి ఊళ్లలోనో ఒక్కొక్కరూ ఈ కోరిక తనదొక్కదానిదే అనుకుంటూ ఉన్న పిల్లలు. అందరూ కలిసి ఇల్లు చూసుకున్నారు, తమ హాస్టలు తామే నడుపుకున్నారు. ఆ కబురు తీసుకుని మళ్లీ రామలింగారెడ్డిగారి దగ్గరికి వెళితే సీటు ఇచ్చారు. రాజనీతి శాస్త్రంలో మొదటి తరగతిలో నెగ్గారు. 1942లో మద్రాసులో లా పూర్తిచేసి హైకోర్టులో నల్లకోటు వేసుకున్నారు.

ఈ చదువు నడుస్తుండగానే, 1937లో, మైలాపూరులో ఆంధ్ర మహిళా సభ పుట్టింది. అంతకుముందు అక్కడ చుట్టుపక్కల పిల్లలకు హిందీ, పాటలు నేర్పే చిన్న బాలికల సంఘం ఉండేది. ఆ పిల్లల వెంట తల్లులు వచ్చారు. తల్లుల వెంట ఇంట్లో మూల కూర్చున్న మేనత్తలు వచ్చారు, భర్త వదిలేసిన వాళ్లు, చిన్నప్పుడే బొట్టు చెరిపించుకున్న వాళ్లు. వీళ్లకు ఏం కావాలో దుర్గాబాయికి ఒకరు చెప్పనక్కరలేదు. తాను ఏ దారిన మెట్రిక్ గట్టెక్కారో అదే దారి వీళ్లకు తెరిచారు. ఇంటిపనికి అడ్డం రాని వేళల్లో తరగతులు పెట్టి, బెనారస్ మెట్రిక్కు తయారుచేసి పంపారు. నెగ్గిన వాళ్లు టీచర్లయ్యారు, నర్సులయ్యారు. పెద్ద ఇళ్ల రాణీలు చందాలిచ్చారు, గుమాస్తాల భార్యలు పాఠాలు చెప్పారు, ‘ఆంధ్ర మహిళ’ పత్రిక వచ్చింది. ఆసుపత్రి, శిక్షణ కళాశాలలు, ఆ తర్వాత హైదరాబాదులో విద్యాసంస్థలు వచ్చాయి. అన్నిటికీ మొదలు మెట్రిక్ కోసం తిరిగి పలక పట్టిన ఆ కొద్దిమంది ఆడవాళ్లే.

రాజ్యాంగ సభలో పదిహేనుమంది స్త్రీలలో ఆమె ఒకరు. సవరణల మీద సవరణలు ప్రతిపాదించి వాదించారు. ఎగువ సభలో సభ్యత్వానికి వయసు 35 నుంచి 30కి తగ్గించాలన్నది వాటిలో ఒకటి, అది నెగ్గింది. తర్వాత ప్రణాళికా సంఘం. 1953 జనవరిలో ఆర్థిక మంత్రి చింతామణి దేశ్‌ముఖ్‌ను పెళ్లాడారు. ఆ ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి ఏర్పడింది, ఆమె మొదటి అధ్యక్షురాలు. మొదటి పంచవర్ష ప్రణాళికలో నాలుగు కోట్లు స్వచ్ఛంద సంస్థల కోసం తీసి పెట్టించారు. ఆ అక్టోబరులోనే కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, ఆదోని మన కర్నూలు జిల్లాలో కలిసింది.

సంక్షేమ మండలి పల్లెల్లో పని మొదలుపెట్టగానే ఒక ఇబ్బంది ఎదురైంది. పల్లెకు గ్రామసేవిక కావాలి, బాలవాడి టీచరు కావాలి, మంత్రసానిగా చదువుకున్న మనిషి కావాలి. ఆ శిక్షణలకు తగిన చదువు ఉన్న ఆడవాళ్లు పల్లెల్లో లేరు. పట్నం నుంచి పంపితే నిలవరు. పల్లెలో మాత్రం నాలుగో తరగతో ఐదో తరగతో చదివి పెళ్లితో ఆగిపోయిన వాళ్లు, వితంతువులు, తెలివీ ఓపికా ఉన్న వాళ్లు బోలెడుమంది. 1958లో ఆమె మండలి వాళ్ల కోసం సంక్షిప్త విద్యా కోర్సులు పెట్టింది. ఏళ్ల చదువును రెండేళ్లలో కుదించి, హాస్టలు పెట్టి, పరీక్షకు కూర్చోబెట్టే పద్ధతి. ప్రభుత్వ కాగితాల్లో అది ఒక పథకం. అందులో ఉన్నది ఒక్క మనిషి బతుకు. ఎనిమిదేళ్లకు పెళ్లయి, ఇరవై దాటాక మెట్రిక్ రాసి, హాస్టలు లేదంటే హాస్టలు పెట్టుకున్న మనిషి తాను నడిచిన బాటనే దేశమంతటికీ రోడ్డుగా వేయించింది.

ఈ కథను ఇంత వివరంగా మన వైపు వాళ్ల ముందు పెట్టడానికి కారణం ఉంది. గోనెగండ్ల మండలంలో హంద్రీ మీద గాజులదిన్నె ప్రాజెక్టు ఉంది, సంజీవయ్య సాగరమని పేరూ ఉంది. అయినా పంట చేతికి రాగానే, లేదా రాదని తేలగానే, ఊళ్లకు ఊళ్లు సుగ్గికి పోతాయి. గుంటూరు, పల్నాడు వైపు మిరపకోతలకు, పత్తి తీతకు ఇంటికి తాళం వేసి లారీ ఎక్కుతారు. ముసలి అవ్వ ఒక్కతే ఇంటి దగ్గర. ఎదిగిన ఆడపిల్లను ఎవరి దగ్గర వదలాలి? వెంట తీసుకుపోతే చదువు పోతుంది. వదిలిపోతే భయం. మూడో దారిగా పెళ్లి చేసేస్తారు. పదిహేనుకు, పదహారుకు. పత్తి విత్తనాల చేలలో క్రాసింగ్ పనికి చిన్న వేళ్లు కావాలని బడి మాన్పించిన పిల్లలను ఎందరిని చూశామో. బాల్యవివాహం నేరమని మైకులో చెప్పే సదస్సులు ప్రతి ఏడూ జరుగుతాయి. చాలాసార్లు అవి జరిగేది ఆ మాట వినవలసిన వాళ్లు సుగ్గిలో ఉన్నప్పుడు.

తాళం పడ్డ ఇంటి ముందు ఉపన్యాసం చెప్పి లాభం లేదు. లారీ ఎక్కక ముందే ఆ గడప తొక్కాలి. పిల్లను ఎక్కడ ఉంచవచ్చో చెప్పాలి, చేయి పట్టుకుని తీసుకుపోయి కస్తూర్బా విద్యాలయంలోనో సీజనల్ హాస్టల్లోనో చేర్చాలి. 2024లో ఆదోని వైపు ఒక అమ్మాయి బాల్యవివాహం నుంచి బయటపడి, కస్తూర్బా విద్యాలయంలో చదివి, ఇంటర్ మొదటి సంవత్సరంలో రాష్ట్రం మెచ్చే మార్కులు తెచ్చుకున్న వార్త మనమంతా చదివాం. ఆ పిల్లకు అధికారుల చేయి అందింది. అందని వాళ్లు ఎందరు?

పెళ్లి అయిపోయిన వాళ్ల సంగతి ఇంకా వేరు. వాళ్లను లెక్కలోంచే తీసేస్తున్నాం. పద్దెనిమిదేళ్లకు చంకలో బిడ్డతో ఉన్న పిల్లకు ఓపెన్ స్కూలు ఉంది, పదో తరగతి రాయవచ్చు. కావలసింది రోజుకు రెండు గంటలు ఆమె పక్కన కూర్చుని లెక్కలు చెప్పే మనిషి, ఆ రెండు గంటలూ బిడ్డను ఎత్తుకునే ఇంకో మనిషి. ఎమ్మిగనూరులో, ఆదోనిలో, గోనెగండ్లలో ఈ రోజు టీచర్లున్నారు, బ్యాంకుల్లో పనిచేసే ఆడవాళ్లున్నారు, పదవీ విరమణ చేసిన వాళ్లున్నారు, డిగ్రీ చదివి ఇంటిపట్టున ఉన్న వ్యాపారస్తుల కోడళ్లున్నారు. శ్రావణమాసంలో వ్రతాలకు వాళ్లంతా కలుస్తారు, సంక్రాంతి ముగ్గుల పోటీలకు కలుస్తారు. 1902లో బందరు వసారాలో కూర్చున్న వాళ్ల కంటే వీళ్ల చదువు ఎక్కువ, చేతిలో డబ్బు ఎక్కువ, రోడ్డు మీద భయం తక్కువ. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా ఒక వసారా తెరిస్తే, వీధి చివర గుడిసెలోని కోడలు పిల్లను పేరు పెట్టి పిలిచి తీసుకొస్తే, ఈ పడమటి తాలూకాల్లో మళ్లీ పలక పట్టే వాళ్లు వందల్లో ఉంటారు. పిల్చిన వాళ్లు లేక ఆగిపోయారు గానీ రాలేక కాదు. వాల్తేరు హాస్టలుకు పదిమంది ఉత్తరాలు రాసింది పత్రికలో ఒక్క ప్రకటన చూసే.

అలా తలుపు తెరిచిన కథ దుర్గాబాయి సొంత బతుకులోనే ఇంకొకటి ఉంది. ఆమె కాపురం వద్దన్న సుబ్బారావు ఆమె చెప్పినట్టే ఇంకో పెళ్లి చేసుకున్నారు. 1941లో ఆయన చనిపోయారు. ఆయన పోయాక ఆ రెండో భార్యను అత్తింటి వాళ్లు సరిగా చూడలేదు. ఆమె వచ్చింది దుర్గాబాయి దగ్గరికే. దుర్గాబాయి ఆమెను ఆంధ్ర మహిళా సభలో చేర్చుకుని, చదువు చెప్పించి, చేతిపనుల్లో శిక్షణ ఇప్పించారు. ఆ స్త్రీ తన జీతం తాను తెచ్చుకునే ఉద్యోగంలో కుదురుకుంది.